దెబ్బలేని కాలితోనే తన్నింది

2023 ఎండాకాలం. శ్రీకాకుళంలో నా ఫిజియోథెరపీ క్లినిక్కుకి వచ్చేది మెడ పట్టేసిన గుమస్తాలు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, స్కూటరు మీంచి పడ్డవాళ్లు. అలాంటి చోటికి ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టడమే ఉద్యోగమైన పిల్ల, వచ్చిందంటే నాకు గర్వంగానే అనిపించింది.

నూకరత్నానికి అప్పుడు ఇరవై ఏళ్లు. ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి ఎర్రయ్య వేటకు వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. బెంగళూరులో క్లబ్బుకు ఆడుతుండగా ఎడమ మోకాలిలో ఏసీఎల్ తెగింది. మోకాలు పక్కకు మెలి తిరగకుండా లోపల పట్టి ఉంచే కట్టు అది. తొడ వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్త కట్టు వేశారు. దాన్ని గ్రాఫ్ట్ అంటాం. పూర్తిగా కోలుకుంటే మళ్లీ తీసుకుంటామని క్లబ్బువాళ్లు మాటిచ్చారు.

ఇక్కడే అందరూ మోసపోతారు. కొన్నాళ్లకే నొప్పి పోతుంది, నడక బాగుపడుతుంది. గ్రాఫ్ట్ మాత్రం లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ల ఊళ్లో ఫుట్‌బాల్ టోర్నమెంటు ఫైనల్ రోజున రత్నానికి సన్మానం పెట్టారు. నన్నూ పిలిచారు. శాలువా కప్పాక కమిటీ పెద్దాయన మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన పిల్ల ఒక పెనాల్టీ కొడతాది. అందరూ సూడండి!"

నేను కుర్చీలోంచి లేచాను. "కొట్టకూడదండీ. మోకాలు పోతుంది."

"ఒక్క తన్నే కదా మేడం, ఫొటో కోసం. ఏటవుతాది? పోనీ, దెబ్బలేని కాలితో తన్నమనండి. ఇంకేటి మీ బాధ?"

జనం చప్పట్లు కొట్టారు. ఎర్రయ్య కూడా నా వైపు తిరిగి, "అదీ నిజిమే కదమ్మా" అన్నాడు.

నిజం కాదు! కుడికాలితో తన్నేటప్పుడు ఒంటి బరువంతా మోస్తూ తిరిగేది ఎడమ మోకాలే. నేలమీద ఆనిన ఆ కాలిని ప్లాంట్ లెగ్ అంటాం. మెలి పడేది దాని మీదే. ఈ ముక్క చెబుదామని మైకు అడిగితే, "సన్మానం అయినాక మాటాడుదురు" అని మైకుని నాకు అందకుండా పట్టుకున్నాడు ఆ పెద్దమనిషి. రత్నం నా వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. వెనక నుంచి వాళ్ల మేనమామ, "ఒసే, పెద్దోలు సెప్తన్నారు కదా, ఎల్లు!" అన్నాడు. వెళ్లింది.

బంతి గోల్లో పడింది. ఈలల మధ్యే ఆ పిల్ల ఎడమ మోకాలు పట్టుకుని కూలబడింది.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ తర్వాత ఊళ్లోవాళ్ల నోట విన్న మాటకి. "ఆ కాలికి బంతే తగల్నేదు కదా! డాట్రు ఆపరేసనే సరిగ్గా సెయ్నేదు." తప్పు మాదేనని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. గ్రాఫ్ట్ మళ్లీ తెగింది. క్లబ్బు ఇంకో ఫార్వర్డ్‌ని తీసుకుంది. ఫొటో మాత్రం ఫ్లెక్సీ ఎక్కింది, అందులో రత్నం కంటే పెద్దాయన మొహమే పెద్దది. సిగ్గుండాలి!

రెండో ఆపరేషన్ తర్వాత రత్నం మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

"నేను వద్దన్నా ఎందుకు తన్నావే?"

"అంతమందిలో కొట్టనని ఎలగంటానక్కా?"

అప్పుడర్థమైంది నాకు. మోకాలికి వ్యాయామం నేర్పాను గానీ, దాన్ని కాపాడుకునే మాట నేర్పలేదెవరూ. అప్పటి నుంచి ఆటగాళ్లెవరొచ్చినా మొదటి పాఠం అదే. వాళ్ల ఇంటివాళ్లకి కూడా.

ఆ రోజు రత్నాన్ని బల్ల మీద కాలు చాపి పడుకోబెట్టి, "ముందు, కొట్టను అను" అన్నాను.

"కొట్టను." నోట్లోనే అంది.

"బయట మీ నాన్న కూర్చున్నాడు. ఆయనకి వినపడాలి."

"కొట్టను!"

కర్టెన్ పక్కకు జరిగింది. ఎర్రయ్య గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఇంకోపాలి అనమ్మా" అన్నాడు. "గట్టిగా అను."