ముద్దకో లెక్క చెప్పిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను సాంచాల నడుమ ఉన్నాను. మరమగ్గాన్ని మా దిక్కు సాంచా అంటాం. ఫోను చేసింది మా జిమ్ము పిల్లల్లో ఒకడు. చప్పుడుకు వినబడక బయటికి వచ్చి ఫోను చెవికి ఆనించాను.

"అన్నా, ఉస్తాద్ ఇంక లేడే. కరీంనగర్ దవాఖానల పొద్దుగాల పోయిండట."

సరేనన్నాను. లోపలికి వెళ్లి, తెగిన పోగు కనిపిస్తే ముడి వేశాను. ఆ తర్వాతే సాంచాలు బందు పెట్టాను. జ్వరమని దవాఖానకు పోయిన మనిషి, వారం తిరగకుండానే అంబులెన్సులో తిరిగొచ్చాడు. పాడె మోశాను, స్నానం చేశాను, ఇంటికొచ్చాను. రోజూ ఆకలేసే వేళకే ఆకలేసింది. ఆ కడుపుకు అలవాటు నేర్పింది ఆయనే కాబట్టి తిన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

చావుకు వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నా చెవిన పడేలాగే అన్నారు. "గంత కండ పెంచినోడు జరానికి పోవుడేంది? గా కోడిగుడ్లు, కసరత్తులు ఏం కాపాడినయ్?" నాకు ఒళ్లు మండింది. ఆయన బతికుండగానే దానికి జవాబు చెప్పి పెట్టాడు. జిమ్ముకు వచ్చే ఒక ముసలాయన చనిపోయినప్పుడు మాలో ఎవడో ఇదే మాట అడిగితే, డంబెల్ తుడుస్తూ అన్నాడు: "కండ ఉన్నోడు సావడని నేనెన్నడన్న చెప్పిన్నారా? ఉన్నన్ని దినాలు ఒగల చెయ్యి పట్టుకోకుంట లేస్తడని చెప్పిన."

ఆయనది బోథ్ దిక్కు. వయసులో ఉన్నప్పుడు మహారాష్ట్ర సరిహద్దు జాతరల్లో కుస్తీ పట్టేవాడు. మా ఊరి పిల్లను చేసుకొని ఇక్కడికే వచ్చి, నూలుకు గంజి పెట్టే సైజింగు షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే అందులో జిమ్ము పెట్టాడు. కుస్తీ రోజుల తిండి వేరు, ఈ జిమ్ము తిండి వేరు అని తెలిసినాక ఫోనులో చూసి, డాక్టర్లను అడిగి, మళ్లీ పిల్లగాడిలాగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది దాచుకునే గుణం లేదు. ఆ గుణం ఉంటే మా ప్రాణాలు కొంత సుఖపడేవి.

నేను మొదటిసారి జిమ్ముకు వెళ్లినప్పుడు నా భుజాలు వంగిపోయి ఉండేవి, ఒంటి మీద చొక్కా వేలాడేది. కండ పెరగడానికి పౌడరు డబ్బా ఏది కొనాలని అడిగాను. ఆయన నేనెక్కడ పని చేస్తానో అడిగాడు. మర్నాడు నా షెడ్డుకు వచ్చాడు. ఒక మూల స్టూలు వేసుకొని, నేను సాంచాల మధ్య తిరగడం, వంగడం, నూలు కండెలు మార్చడం చూస్తూ కూర్చున్నాడు. షెడ్డు ఆసామికి అనుమానం వచ్చి ఎవరని అడిగితే, "మీ పనోడు ఎంత ఖర్చయితుండో సూస్తున్న," అన్నాడు. ఆసామికి ఏం అర్థమైందో ఏమో, చాయ్ తెప్పించాడు.

కొత్తగా చేరినవాళ్లందరికీ ఇదే పద్ధతి. హమాలీ పిల్లగాడైతే మార్కెట్ యార్డుకు పోయేవాడు, బీడీలు చేసే ఆడమనిషైతే వాకిట్లో కూర్చునేవాడు. "నువ్వు దినమంత ఏం పని చేస్తవో సూడంది, నీకెంత తిండి గావాల్నో నేనెట్ల చెప్త?" అనేవాడు.

నా విషయంలో తీర్పు ఇట్లా వచ్చింది.

"సాంచ నడవాల్నంటే కరెంటు గావాలె. గది నీ అన్నం, నీ రొట్టె. బట్ట దిగాల్నంటే నూలు గావాలె. గది గుడ్డు, పప్పు, కోడికూర, పెరుగు. నూనె సుక్క లేకుంటే సాంచ అరిగిపోతది. గది నెయ్యి, పల్లీలు. నువ్వు రెండు పూటల కుప్ప అన్నం తిని కరెంటు పెడుతున్నవ్. నూలు పెడ్తలేవ్. సాంచ ఒట్టిగ సప్పుడు జేస్తున్నది."

కేలరీలంటే అంతకుముందు నాకు బిస్కెట్ పొట్లం మీద రాసి ఉండే మాట. అన్నంలోని పిండికి గ్రాముకు నాలుగు, ప్రొటీన్‌కూ నాలుగే, కొవ్వుకైతే తొమ్మిది అని ఆయన చెప్పినప్పుడు, మా అవ్వ కూరలో పోసే నూనె గుర్తొచ్చి భయపడ్డాను. "భయపడకు, కొలువు," అన్నాడు. "ఖర్చయ్యేదానికన్న జర ఎక్కువ తింటెనే కండ వస్తది. జర అంటే జరనే. పెండ్లి భోజనం గాదు."

పెండ్లి భోజనమంటే ఆయనను పక్కన కూర్చోబెట్టుకోవడానికి అందరూ జంకేవాళ్లు. ఒకసారి మా బంధువుల పెండ్లిలో, వడ్డించే ఆయన నా విస్తట్లో రెండో జిలేబీ వేస్తుంటే ఉస్తాద్ చేయి అడ్డం పెట్టి, అదెన్ని కేలరీలో, కరగాలంటే ఎంత దూరం నడవాలో వివరించాడు. పెండ్లిపిల్ల తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తండ్రి మొహం చూసి, ఉస్తాద్ తన విస్తట్లో ఆ జిలేబీ వేయించుకొని తినేశాడు. "ఒకదినం తింటే ఏంగాదు. దినాం తినకపోతే సాలు," అని నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. మంచి మనిషి, కానీ నోరు ఊరుకోదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, వాడకట్టు వాళ్లు వండి తెస్తారు. జిమ్ము పిల్లలు కూడా తలా ఒక డబ్బా పట్టుకొచ్చారు. ఒకరికొకరు చెప్పుకోలేదు కానీ అందరి డబ్బాల్లోనూ ఉడకబెట్టిన గుడ్లే. ఉస్తాద్ భార్యను మేం అక్కా అంటాం. ఆ అక్క మేనత్త డబ్బాల మూతలు తీసి చూసి నివ్వెరపోయింది.

"సావైన ఇంటికి గుడ్లు తెచ్చుడు యాడన్న ఉన్నదా బిడ్డా? పప్పన్నం తెస్తరు, చారు తెస్తరు."

"అక్క ఏం తింటలేదు గదమ్మా. ప్రొటీన్ ఉంటదని తెచ్చినం," అన్నాడు ఒకడు తల వంచుకొని.

అది నిజమే. ఆమె చాయ్ నీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు. లేవబోయి గడప దగ్గర పడిపోతే ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చి గ్లూకోజు ఎక్కించాడు. నోటితో తినకపోతే దవాఖానలో చేర్చాల్సిందే అన్నాడు. దవాఖాన మాట వినగానే ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. మేనత్త బతిమిలాడింది, చుట్టాలు తిట్టారు, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టారు. ఆమె వద్దని కూడా అనలేదు, నోరు తెరవలేదు, అంతే.

మరునాడు మా అవ్వ పప్పన్నం, పెరుగు కట్టిస్తే తీసుకుపోయాను. పళ్లెంలో పెట్టి ఆమె ముందు ఉంచాను. మేనత్త ఆశ వదులుకున్నట్టు లోపలికి వెళ్లిపోయింది. అక్క పళ్లెం వైపు చూసింది.

"గిండ్ల ఏమున్నది తమ్మీ?"

"పప్పన్నమక్కా. మా అవ్వ వండింది."

"అట్లగాదు. ఆయన చెప్పినట్టు చెప్పు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే అంది. "తినేకాడ కూసుంటె నోరు మూసేటోడు గాదు. గిది ఇంత, గది ఇంత అని సతాయించేటోడు. జర తిననియ్యవయ్యా అని కొట్లాడేదాన్ని. ఇప్పుడు ముద్ద పట్టుకుంటె సప్పుడే లేదు. సప్పుడు లేకుంటె ఎట్ల దిగుతది?"

నేను మొదలుపెట్టాను. దుఃఖం లేదు, ప్రేమ లేదు, బడిలో ఎక్కం ఒప్పజెప్పినట్టు చెప్పాను. పప్పుల ప్రొటీన్ ఉంటదక్కా, కానీ అందులో తక్కువున్నది అన్నంల ఉంటది, అన్నంల తక్కువున్నది పప్పుల ఉంటది, రెండూ కలిపి తింటేనే ఒంటికి పడుతది. ఆమె చేయి కదిలింది. కలిపింది. తింది. నేను ఆగాను. ఆమె చేయి కూడా పళ్లేనికీ నోటికీ నడుమ ఆగిపోయింది.

"ఇంక?" అంది.

తిండి తినకపోతే ఒళ్లు కొవ్వునూ, దాంతోపాటు కండనూ కరిగించుకుంటదని చెప్పాను. ముద్ద మింగింది. పెరుగు ఎందుకు మంచిదో చెప్పాను. ముద్ద మింగింది. కసరత్తు చేసేటప్పుడు కండ పెరగదు, పండుకున్నప్పుడు పెరుగుతదని చెప్పాను. ఆమెకు తెలియనిది ఒక్కటీ లేదు. నాకన్నా ముందు నుంచి, పూటపూటా విన్న మనిషి. తడబడిన చోట మధ్యమధ్యలో సరిదిద్దింది కూడా. మేనత్త వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

పళ్లెం ఖాళీ అయింది. నాకు వచ్చింది కూడా అయిపోయింది. చెంబులోంచి నీళ్లు గ్లాసులో పోసిచ్చాను. ఆమె గ్లాసు పట్టుకొని నా వైపే చూస్తూ కూర్చుంది.

"నీళ్లల్ల?" అంది.

"నీళ్లల్ల ఏముండదక్కా. సున్న."

ఆమె తల ఊపింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, వేడి పాలు తాగినట్టు, కొంచెం కొంచెంగా చివరిదాకా తాగింది.