తెలుగు రాని గొంతు

ఆమె వేలూరుకు చెవి చూపించుకోవడానికి వచ్చింది. అది వట్టి సాకు కాదు. సరిహద్దు అవతల, తన దేశంలో పోలీసులు కొట్టిన దెబ్బలకు కుడిచెవి వినపడకుండా పోయింది. ఆమె విలేకరి. ఉద్యోగాల పేరుతో కుర్రాళ్లను రప్పించి, ముళ్లకంచె భవనాల్లో బంధించి, వాళ్లచేత ఫోన్లలో జనాన్ని మోసం చేయించే ముఠాల గురించి రాసింది. వాటి వెనక ఉన్న పెద్దల గురించి కూడా రాసింది. ఆ తర్వాత అక్కడ బతకనివ్వలేదు.

నేను అప్పటికే తమిళ పత్రికలో పని మానేసి అనువాదాలు చేసుకుంటున్నాను. ఆ ముఠాల మీద కొన్ని దేశాల విలేకరులు కలిసి పరిశోధన చేస్తున్నారు. వాళ్లలో నాకు తెలిసిన ఒకాయన ఆమెకు తోడుండమన్నాడు. ఆస్పత్రిలో తమిళం మాట్లాడిపెట్టడం, గది చూడడం, అంతే అనుకున్నాను.

ఆస్పత్రి ఎదురుసందు లాడ్జిలో దిగింది. ఆ సందుల్లో సగం మంది దూరదేశాల రోగులే. ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. అలాంటి చోట ఒకరోజు ఎవరో వచ్చి, ఆమె పేరు చెప్పి, గది ఏదని అడిగారట. మేనేజరు పిలుస్తానంటే ఆగకుండా వెళ్లిపోయారట. ఆ సాయంత్రమే ఆమెను దగ్గర్లోని గుడియాత్తం తీసుకుపోయాను.

అక్కడ నాకు చిన్నమ్మ వరసయ్యే ఆమె ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. భర్త లేడు. ఒక్కగానొక్క కొడుకు, కంప్యూటర్ పని అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి విమానమెక్కి, ఆ కంచె భవనాల్లోనే చిక్కుకున్నాడు. ఫోన్ చేస్తాడు గానీ, ఎక్కడున్నాడో చెప్పడు.

"వాడుండే దేశం పాపేనా?" అంది చిన్నమ్మ. "రానీమ్మా. వాడు యాడుండాడో ఏమన్నా తెలుస్తాదేమో."

విదేశీయులకున్న నియమం ప్రకారం కొత్త చిరునామా పోలీస్ స్టేషన్లో రాసిచ్చాం. చిన్నమ్మ ఇంటి మిద్దె మీది గదిలో ఆమె చేరింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నప్పుడు కొడుకు ఫోన్ చేశాడు. చిన్నమ్మ వంకాయలు తరుగుతూ స్పీకర్ పెట్టింది.

"అమ్మా, సాప్టియా?" తిన్నావా అని తమిళంలో అడిగి, చిన్నగా నవ్వాడు. తను బాగున్నానన్నాడు. తన గురించి ఎవరైనా ఫోన్ చేశారా, ఎవరైనా ఇంటికి వచ్చారా అని అడిగి పెట్టేశాడు.

ఆమె ఎడమచెవి ఫోన్ వైపు తిప్పుకుని విన్నది. తర్వాత నాతో ఇంగ్లీషులో అంది. "మీరిద్దరూ మాట్లాడుకునే భాష ఇలా ఉండదే. కొడుకు అమ్మతో ఏ భాషలో మాట్లాడతాడు?"

అది చిన్నమ్మకు చెప్పాను. కత్తిపీట పక్కకు జరిపింది.

"బయట అందురితో అరవమే. నాతో మాత్రం తెలుగు. ఈ మధ్య అరవమే పలకతా ఉండాడు. పక్కన ఎవురన్నా ఉండారేమో అనుకుంటిని."

మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు చిన్నమ్మ అడిగింది. "నాయనా, తెలుగులో మాట్లాడురా."

అటువైపు నుంచి ఊపిరి చప్పుడు కూడా లేదు. కొంచెం ఆగి, "అమ్మా, సాప్టియా?" అంది గొంతు. అదే చోట అదే నవ్వు.

చిన్నమ్మ ఫోన్‌ను నేలమీద పెట్టి వెనక్కి జరిగింది. "గొంతు వాడిదే. వాడు కాదు."

ఆ భవనాల్లో కుర్రాళ్ల గొంతులు రికార్డు చేసి, యంత్రంచేత అవే గొంతులతో మాట్లాడిస్తారని విలేకరిగా ఆమెకు తెలుసు. "తప్పించుకుని ఉంటాడు. ఇంటికి కబురు పెట్టాడేమోనని ఆరా తీస్తున్నారు," అంది. "వెతుకుతున్నారంటే బతికే ఉన్నాడు."

సంగతి ఇతర దేశాల్లోని విలేకరులకు చేరింది. వాళ్లు వాణ్ణి వెతికి పట్టుకునేదాకా ముఠాకు అనుమానం రాకూడదు. అందుకని చిన్నమ్మ ఆ గొంతుతో మాట్లాడుతూనే ఉంది. తిన్నానని చెప్పేది, నువ్వు తిన్నావా అని అడిగేది. పెట్టేశాక చేతులు కడుక్కునేది.

"సచ్చిపోయినోడితో మాట్లాడినట్టుండాదమ్మా," అంది ఒకసారి.

అలాంటి రోజుల్లోనే నా ఫోన్‌కు తెలియని నంబరు నుంచి పిలుపు వచ్చింది. "నేనే. దారి తప్పాను. ఇంటి చిరునామా మళ్లీ చెప్పు." ఆమె గొంతు. ఆమె నా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది.

నా మొహం చూసి చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. పాత వీడియో వార్తల నుంచి తీసిన తన గొంతును, అది ఆగిపోయేదాకా విన్నది.

"నేనింత ధైర్యంగా మాట్లాడి చాలా కాలమైంది," అని, మిగిలిన అన్నం తినకుండా లేచింది.

చిన్నమ్మ కొడుకు వేరే దేశపు సరిహద్దు ఊళ్లో, దొంగతనంగా సరిహద్దు దాటాడన్న కేసులో నిర్బంధంలో ఉన్నాడు. అక్కడి విలేకరి ఒకామె వెతికి పట్టుకుంది. మన రాయబార కార్యాలయం చుట్టూ చాలాకాలం తిరిగితే ఇంటికి పంపారు. చిక్కిపోయి వచ్చాడు. ఒకరోజు వాడు తింటుండగానే వాడి గొంతుతో ఫోన్ వచ్చింది. చిన్నమ్మ అలవాటుగా స్పీకర్ పెట్టింది. ఆ గొంతు తమిళంలో తల్లి యోగక్షేమం అడుగుతుంటే, వాడు పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. మర్నాడే నంబరు మార్చేశాం.

విలేకరుల కథనం ఒకేరోజు అన్ని దేశాల్లో వచ్చింది. కొన్ని భవనాలు ఖాళీ అయ్యాయి. కొన్ని ఇంకోచోటికి మారాయని విన్నాను. ఆమెకు వేరొక దేశం ఆశ్రయమిచ్చింది. కాట్పాడిలో రైలెక్కించాను.

ఈమధ్య అక్కడినుంచి రాసింది. స్వదేశంలో ఉన్న తల్లికి తన గొంతుతో ఫోన్లు వెళుతున్నాయట. అది నీ కూతురు కాదని చెప్పడానికి తోటి విలేకరి ఒకరు ఆ ఇంటికి వెళ్లారట.

"నాకు తెలుసు," అన్నదట ఆ తల్లి. "అయినా ఫోన్లు రానివ్వండి."

కూతురు కూడా వాటిని ఆపించమని ఎవరినీ అడగలేదు.