నీళ్లొచ్చిన పూట పొయ్యి దగ్గర

మా ఆయనకు మార్కాపురం బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. అందుకని ఆయన దృష్టిలో ప్లగ్గున్న ప్రతి వస్తువూ మంచిదే, ప్లగ్గు లేనిది ఇంకా తయారీ పూర్తికానిది. నా కుట్టుమిషనుకు మోటారు బిగిస్తానని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు. ఇప్పటికీ నేను బిగించనివ్వలేదు. నా కాలు ఆగితే సూది ఆగాలి. జాకెట్టు చంక దగ్గర గుండ్రంగా తిప్పేటప్పుడు మోటారు నా మాట వినదు, వినని వస్తువు ఇంట్లో ఇంకొకటి అక్కర్లేదని ఆయన మొహం మీదే చెప్పాను.

అలాగని నేను పాతకాలపు మనిషినేమీ కాదు. మిక్సీ చెడిపోతే ఆ పూట నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఫోన్లో చూసి కుక్కర్లో కేకు కూడా చేశాను. అది పొంగలేదు, అడుగంటింది, కానీ తినగలిగాం. మా అత్త దానికి "తీపి సంగటి" అని పేరు పెట్టింది. ఇప్పటికీ ఎవరి పుట్టినరోజొచ్చినా "తీపి సంగటి చేస్తావా ఏంది?" అని అడుగుతుంది.

మా ఇంట్లో అభిప్రాయాలకు కరువు లేదు. కరువంతా నీళ్లకే. అందరికంటే ఎక్కువ అభిప్రాయాలు మా అత్తవి. ఆమెకు చూపు సగం పైగా పోయింది. కంటి నరం దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోవాలనీ ఒంగోలు డాక్టరు చెప్పాడు. వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా నిలబడింది మనిషని తెలుస్తుంది. టీవీ చూడదు, వింటుంది. సాయంత్రం చర్చలో నలుగురూ ఒకేసారి అరుస్తుంటే "అందరూ చెప్పేవాళ్లే, వినే పని మనకు పెట్టినారు" అంటుంది. ఏళ్ల తరబడి కడుతున్న వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల మాట వచ్చిందంటే చాలు, "చెవుల దాకా ఎప్పుడో వచ్చినయి, బిందె దాకా రావాల" అంటుంది. మార్కాపురం జిల్లా అవుతుందని వార్త వచ్చిన రోజు మా ఆయన స్వీటు పొట్లంతో ఇంటికొచ్చాడు.

"జిల్లా అయితే మన కొళాయి రోజూ వస్తదా నాయనా?" అని అడిగింది.

"కలెక్టరొస్తాడమ్మా."

"పాపం, ఆయనకు నీళ్లెక్కడ తెస్తారో" అని స్వీటు నోట్లో వేసుకుంది.

పొద్దున కాఫీ, టిఫిను నావి. మధ్యాహ్నం వంట ఆమెది. చూపు తగ్గాక కూడా ఈ ఏర్పాటు మారలేదు. నేను మిషను దగ్గర కూర్చుంటే లోపలి నుంచి ఆమె తిట్లు వినబడేవి. వంకాయలో పురుగుంటే వంకాయను, లైటరు వెలగకపోతే లైటరును, ఎవరూ దొరక్కపోతే నన్ను. గోంగూర పప్పు, అలసందల కూర, పచ్చిపులుసు, వారంలో ఒకట్రెండు సార్లు జొన్నరొట్టె. అరచేతుల మీద రొట్టె తట్టి, పెనం మీద కాల్చి, చివర్లో మంట మీద ఒక్కసారి చూపిస్తే పొంగేది. నేను చేస్తే అప్పడమో అట్టో తేలదు. ఆమె వండుతుంది కనుకే నా మిషను నడిచేది. ఇది మొహమాటం లేకుండా చెప్పుకోవలసిన మాట.

ఇక నీళ్ల సంగతి. మా వీధి కొళాయి రోజూ రాదు. ఏ రోజు వస్తుందో, ఏ వేళకు వస్తుందో వదిలేవాళ్లకే తెలియాలి. వీధి ఆడవాళ్లందరం ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నాం, నీళ్లొస్తే ముందు చూసినవాళ్లు అందులో పెట్టాలని. ఇప్పుడు ఆ గ్రూపు నిండా పొద్దున పూలు, రాత్రి దీపాలు, మధ్యలో ఎవరి మనవడిదో డాన్సు. నీళ్ల కబురు వాటి కింద ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఇప్పటికీ గొంతే పనికొస్తుంది. ఒక ఇంట్లో "నీళ్లొచ్చినయ్!" అని కేక పడిందంటే వీధి మొత్తం లేస్తుంది. తల దువ్వుకుంటున్నవాళ్లు దువ్వెనతోనే వస్తారు. స్నానం చేస్తున్నవాళ్లు సబ్బు నురుగుతో గొంతు మాత్రం బయటికి పంపిస్తారు. పొయ్యి మీద ఏముందన్నది ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. ఈ వీధిలో నీళ్లొచ్చిన పూట మాడిన కూర తినని ఇల్లు లేదు. మాడిందని మగవాళ్లు అడగరు కూడా. నీళ్లొచ్చినయని వాళ్లకు నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుంది.

మా ఇంట్లో ఆ పూట ఎవరి పని వాళ్లది. నేను కొళాయికి మోటారు వేసి బిందెలు పడతాను. అత్త బయటి డ్రమ్ము దగ్గర పైపు పట్టుకుంటుంది. లోపలికి చెయ్యి పెట్టి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసుకుంటూ, నిండగానే నాకు కేకేస్తుంది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆమె పప్పులోకి తాలింపు పెట్టడానికి బాణలిలో నూనె పోసి పొయ్యి వెలిగించింది. నేను కిటికీలోంచి వీధిలో హడావుడి చూసి "అత్తా, నీళ్లొచ్చినయ్!" అని అరిచాను. ఆమె వచ్చి పైపు పట్టుకుంది. నేను బిందెల మధ్య పడ్డాను. కాసేపటికి పక్కింటి ఆపా "అరె, మీ వంటింట్ల పొగ!" అంటూ మా ఇంట్లోకి పరిగెత్తింది. ఆపా అంటే మా గోడ అవతల ఉండే ముస్లిం ఆవిడ. నాకంటే పెద్దది, అందుకే అక్కా అన్నట్టు అందరం ఆపా అంటాం. నూనె అంటుకుంది. పక్కనే ఉన్న మసిగుడ్డకు పాకింది. ఆపా గ్యాసు కట్టేసి, బాణలి మీద మూత పడేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. గోడ మాత్రం పైదాకా నల్లబడింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన ఆ గోడను చూసి గడపలోనే ఆగిపోయాడు. ఆ వారమంతా టీవీలో ఏదో ఊళ్లో సిలిండరు పేలిన ఇల్లు చూపిస్తూనే ఉన్నారు. ఆయనకు అదే కళ్లముందు మెదిలి ఉంటుంది. "ఇక అమ్మ పొయ్యి ముట్టుకోకూడదు" అన్నాడు.

"నేను కేకేస్తే వచ్చింది. నేనున్నా అట్లనే వదిలేసి పోయేదాన్ని" అన్నాను.

"కళ్లు కనబడేవాళ్లయితే మంట చూసుండేవాళ్లు."

"చూడడానికి లోపలెవరున్నారు? అందరం కొళాయి కాడ ఉంటిమి గదా!"

ఆయన వినిపించుకోలేదు. భయపడ్డ మనిషికి వాదన ఎక్కదు. సాయంత్రం దుకాణం నుంచి కరెంటు పొయ్యి తెచ్చాడు. నల్లటి అద్దం పలకలా ఉంది. మంట లేదు, తిప్పే మీటలు లేవు, వేలితో తాకితే ఎర్రటి అంకెలు వెలుగుతాయి. గ్యాసు పొయ్యి తీసి మంచం కింద పెట్టాడు, సిలిండరు వెనక వరండాలోకి మార్చాడు. ప్లగ్గు కోసం వంటింటి గట్టు మీదున్న సామానంతా ఇటుదటు జరిపాడు. అత్త వచ్చి దాని మీద చెయ్యి పెట్టి చూసింది. అంతా నున్నగా ఉంది. ఏది మీట, ఏది కాదు, ఆమె వేళ్లకు తెలియలేదు. వేలు తగిలిన చోటల్లా కీచుమని అరిచింది.

"ఇక నువ్వు హాయిగా కూర్చోమ్మా. ఇన్నేళ్లు చేసినావు చాలు" అన్నాడు ఆయన.

ఆ మాటను ఆయన ప్రేమతోనే అన్నాడు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. కోపంతో అన్నవాళ్లతో పోట్లాడవచ్చు.

కరెంటు పొయ్యి గురించి అబద్ధం చెప్పను. పాలు తొందరగా కాగుతాయి, ఎండాకాలంలో వంటిల్లు అంత వేడెక్కదు, తుడవడం తేలిక. కానీ మా అత్త సత్తు గిన్నెలను అది ఒప్పుకోదు. పెట్టగానే అరిచి ఆగిపోతుంది. గుండ్రటి అడుగున్న బాణలి కూడా పనికిరాదు. దాని కోసం కొత్త స్టీలు గిన్నెలు వచ్చాయి. మంట లేదు కనుక జొన్నరొట్టె పొంగడం ఆగిపోయింది. కరెంటు పోతే అన్నం సగంలో ఉడుకు మానేసి కూర్చుంటుంది.

అత్త కూడా అలాగే కూర్చుంది. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా టీవీ. మొదటి రెండు మూడు రోజులు వంటింటి గడప దాకా వచ్చి "ఏం కూర చేస్తాండావు?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. పెట్టింది తినేది. ఉప్పెక్కువైన రోజు కూడా ఏమీ అనలేదు. టీవీలో నలుగురూ అరుస్తున్నా మాట్లాడలేదు. ఒక సాయంత్రం వెలిగొండ మీద పెద్ద చర్చ నడిచింది. నేను కావాలని శబ్దం పెంచి ఆమె వైపు చూశాను. చర్చ అయిపోయి ప్రకటనలు వచ్చాయి, అవీ అయిపోయాయి. ఆమె ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి మా ఆయనతో "గ్యాసు పొయ్యి మళ్లీ పెట్టండి, నేను పక్కనే ఉంటాను" అన్నాను.

"అమ్మ బాగానే ఉంది గదా, ఏమన్నా అడిగిందా?"

"అడగడం లేదనే చెప్తున్నా."

"అంటే సుఖంగా ఉన్నట్టే" అని లైటు తీసేశాడు.

అలా నెల గడిచింది. ఒక ఆదివారం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేను కరెంటు పొయ్యి మీద టమాటా పప్పు పెట్టి, ఉడికిందాన్ని ఎనుపుతున్నాను. వీధిలో కేక పడింది. నేను గరిటె వదిలేసి పరిగెత్తాను. అంత జాగ్రత్తగల మా ఆయన కూడా మోటారు వేయడానికి నా కంటే ముందు పరిగెత్తాడు. అత్త పని ఆయనే చేశాడు, డ్రమ్ము దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాడు. మోటారు మోతలో ఏమీ వినబడదు. రెండు బిందెలు నింపి లోపల దించడానికి వచ్చినప్పుడు మాడు వాసన తగిలింది. బిందె అక్కడే పెట్టి వంటింట్లోకి పోయాను.

అత్త వంటింటి మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులకూ కొంగు చుట్టుకుని పప్పు గిన్నెను పట్టుకుంది. గిన్నె పైన ఇంకా పొగ లేస్తోంది. ఆమె వెనక పొయ్యి ఆగకుండా కీ కీ మని అరుస్తోంది. మాడు వాసన ముందు ఆమెకే తగిలింది. వచ్చి గిన్నె ఎత్తింది. ఎత్తాక ఎక్కడ దించాలో తెలియలేదు. ఆమెకు తెలిసిన చోటల్లా మా ఆయన సామాను జరిపాడు. ఏ వైపు కరెంటు ఉందో, ఎక్కడ పెడితే షాక్ కొడుతుందో అని భయం. నేల మీద దించుదామన్నా అడ్డంగా ఏముందో తెలియదు. అందుకని కాలుతున్న గిన్నెను అలాగే పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని నిలబడింది.

నేను గిన్నె లాక్కుని గట్టు మీద పెట్టి పొయ్యి కట్టేశాను. ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయాయి. వాటిని బిందెలో ముంచాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నేను ఇంకా తిరిగి రాలేదేమని మా ఆయన లోపలికొచ్చాడు. బిందెలో తల్లి చేతులు చూశాడు.

"నన్ను పిలవచ్చు గదమ్మా" అన్నాడు.

"పిలిచినా. మీరు నీళ్ల కాడ ఉండారు."

ఆమె గొంతులో కోపం లేదు. చేతులు నీళ్లలోంచి తీయకుండానే కొడుకు ఆకారం వైపు మొహం తిప్పింది.

"నేను కాల్తానని భయపడితివి, ఆ పొయ్యి తెస్తివి. కాదనలేదు నేను. ఈ నెలంతా ఆ కుర్చీలో ఎట్ల కూర్చున్నానో ఒక్కనాడన్నా అడిగినావా నాయనా? పొద్దున లేస్తానా, ఎందుకు లేచినానో నాకే తెలీదు. మళ్లా ఎప్పుడు చీకటి పడుతుందా అని చూస్తాండా. చూపున్నవాళ్లకు అది కనబడలేదే."

బయట మోటారు తిరుగుతూనే ఉంది. డ్రమ్ము నిండిపోయి నీళ్లు వీధిలోకి పారుతున్నట్టుంది, ఆపా గోడ అవతల నుంచి "నీళ్లు పోతున్నయ్! ఇంట్ల ఎవరూ లేరా?" అని గొంతు చించుకుంటోంది. మా వీధిలో నీళ్లు అలా పోనిచ్చిన ఇల్లు లేదు. నేను అత్త చేతులు వదల్లేదు. మా ఆయన మంచం దగ్గరికి పోయి, నేల మీద బోర్లా పడుకుని, దాని కింది నుంచి గ్యాసు పొయ్యిని బయటికి లాగుతున్నాడు.