దిష్టిబొమ్మ కడుపులో ఏనుగులు

“మూతి కట్టిన సంచేదో, కట్టని సంచేదో తెల్వదా అత్తా నీకు? పట్టపగలు కండ్లు కనవడలేదా?”

“రెండు యూరియా సంచులు ఒక్కతీరుగ మూలకు నిలవెడితివి. పాత బట్టలున్నయా పెంటవ్వా అని అడిగిర్రు పోరగాండ్లు. తెలంగాణకు అడిగిర్రు. లేవని అబద్ధమాడుమంటవా?”

“తెలంగాణకు నా ఏనుగులెందుకత్తా! నీ కొంగు చింపి ఇయ్యకపోయినవా?”

“నోరు జారకు పిల్లా. మనుమరాలు ఇంటున్నది.”

“ఇననియ్యి. దాని బొమ్మలన్ని బూడిదైనయని ఇననియ్యి.”

అత్తాకోడళ్ళు పెంటమ్మ, రేణుకల మాటలు విని, తడిక బయట నడుస్తున్న ఆ వాడకట్టు పోరడు కల్యాణ్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఒక్క క్షణం కిందటి దాకా వాడి ఒళ్ళంతా మంటగా ఉంది. మరిపెడ సెంటర్లో ఆ మధ్యాహ్నం జరిగిన పని అలాంటిది. తెలంగాణ కోసం సహాయ నిరాకరణ నడుస్తున్న రోజులు. ఆఫీసులకు తాళాలు, రోడ్ల మీద వంటలు. ఆ రోజు సర్కారు దిష్టిబొమ్మ తగలబెట్టే బాధ్యత కల్యాణ్ నెత్తినేసుకున్నాడు. పొద్దున్నే వాడకట్టు తిరిగి పాత ప్యాంటు ఒకచోట, చొక్కా ఒకచోట అడిగి తెచ్చి, చేతుల్లో కాళ్ళల్లో గడ్డి కూరాడు. పొట్టకు ఏం పెట్టాలా అని చూస్తుంటే పెంటమ్మ ఇంట్లోంచి నిండు సంచి తెచ్చిచ్చింది. పిసికి చూస్తే మెత్తగా ఉంది. మూతి విప్పే ఓపిక కూడా లేక సంచిని సంచిలాగే చొక్కాలోకి దూర్చి గుండీలు పెట్టాడు. పొట్ట నిండుగా, కుదిమట్టంగా కుదిరింది. అందరూ భలే ఉందిరా అన్నారు.

సెంటర్లో కిరోసిన్ పోశాడు. అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోది తీసేలోపు పోలీసులు వచ్చి మీద పడ్డారు. వీళ్ళు కాళ్ళు పట్టి గుంజితే వాళ్ళు చేతులు పట్టి గుంజారు. చివరికి దిష్టిబొమ్మను జీపులో వేసుకొని పోయారు. జనం చప్పట్లు కొట్టాల్సిన చోట నవ్వారు. “డిగ్రీ సగంల ఇడిచినవ్, దిష్టిబొమ్మను గూడ సగంలనే ఇడిచినవా?” అన్నాడు ఎవడో. ఆ మాట చెవిలో తిరుగుతుండగా ఇంటి దారి పట్టాడు.

ఇప్పుడు తడిక బయట నిలబడి, ఆ ఆరిపోయిన అగ్గిపుల్లను తలుచుకొని, మొట్టమొదటిసారి గాలికి దండం పెట్టాలనిపించింది వాడికి.

ఆ సంచిలో ఏముందో, అది రేణుకకు ఏమిటో ఆ వాడకట్టులో అందరికీ తెలుసు. రేణుక కురవి పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చింది. భర్త దుర్గయ్య భూపాలపల్లి గనుల దగ్గర కాంట్రాక్టు పనికి పోయి, సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఇంట్లో ఆమె, అత్త పెంటమ్మ, నాలుగేళ్ళ భాగ్య, ఇంకా నడక రాని అజయ్. పోయిన ఏడు దాకా అత్తాకోడళ్ళు ఇద్దరూ మిర్చి ఏరబోయేవాళ్ళు. పిల్లను చూసే దిక్కు లేక భాగ్యను కూడా చేనుకు తీసుకుపోయేవాళ్ళు. ఒకరోజు పిల్ల ఏడుస్తుంటే రేణుక పరిగెత్తుకొచ్చి ఎత్తుకొని, ఏం ఆలోచించకుండా అదే చేత్తో దాని కళ్ళు తుడిచింది. మిరపకాయ తుంచిన చెయ్యి. పిల్ల కళ్ళు వాచిపోయాయి. దవాఖానకు పోయేదాకా అది పెట్టిన కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయంటుంది రేణుక.

ఆ సాయంత్రం పిల్లను ఊరడించడానికి పాత జాకెట్టు కత్తిరించి, దూది కూరి ఒక జంతువును కుట్టింది. ఆమె ఏనుగనుకొని కుట్టింది. పెంటమ్మ చూసి బర్రె అంది. పక్కింటివాళ్ళు పంది అన్నారు. భాగ్య ఒక్కతే, వాచిన కళ్ళు సగం తెరిచి, “ఏనుగు” అంది. రేణుకకు అది చాలింది.

ఆ తరువాత దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చి కుడుతూనే ఉంది. ఏనుగులు, చిలుకలు, కొప్పు పెట్టిన పెళ్ళికూతుళ్ళు. అజయ్ పుట్టాక తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టుకొని ఊపుతూ కుట్టేది. చేతిలో సూది ఆగితే కాలు కూడా ఆగేది, కాలు ఆగితే వాడు లేచేవాడు. అందుకని పిల్లాడు పడుకోవాలంటే బొమ్మ తయారు కావాల్సిందే. బొమ్మల కళ్ళకు గుండీలు పెట్టదు. ఒకసారి భాగ్య గుండీ పీకి ముక్కులో పెట్టుకుంది. అప్పటి నుంచి కళ్ళన్నీ నల్లదారమే. ఇంకో పద్ధతి కూడా పెట్టుకుంది. కుట్టిన ప్రతి బొమ్మనూ ముందు భాగ్యకు ఇస్తుంది. అది చెవులు పట్టుకొని గుంజుతుంది. ఊడితే మళ్ళీ కుడుతుంది. ఊడకపోతేనే సంచిలోకి.

పెంటమ్మకు ఇదంతా పిల్లలాట. అయినా కోడలితో ఒక ఒప్పందానికి వచ్చింది. “శివరాత్రి జాతర దాంక చూస్త. కురవి జాతరల అమ్ముడువోతే ఇంట్ల కూసొని కుట్టుకో. పోకపోతే తెల్లారి నాతోటి మిరప చేనుకు నడువు. పిల్లలను గూడ పట్టుకొని.” రేణుక సరేనంది. సంచి నిండింది. దుమ్ము పడకుండా మూతి గట్టిగా కట్టి మూలన పెట్టింది. పక్కన కుట్టగా మిగిలిన పేలికల సంచి. జాతర ఎల్లుండి.

లోపల రేణుక మళ్ళీ అందుకుంది. “కావాల్ననే ఇచ్చినవత్తా. నాకు ఎరుకే. మిరప చేనుకు నడిపిచ్చుకపోదామని ఇచ్చినవ్.”

 “కురవి వీరభద్రుని మీద ఒట్టు,” అన్న పెంటమ్మ మాట చాలా సన్నగా వినిపించింది.

కల్యాణ్ తడిక తోసుకొని లోపలికి వచ్చాడు. “అక్కా, కాలలే.”

రేణుక ఎర్రటి కళ్ళతో చూసింది. “ఏంది?”

“దిష్టిబొమ్మ కాలలేదు. పోలీసోల్లు గుంజుకపోయిర్రు. నీ సంచి దాని కడుపులనే ఉన్నది. ఠాణాల ఉన్నది.”

పెంటమ్మ ముందు తేరుకుంది. “నువ్వొక్క పనన్న సక్కగ చెయ్యవురా అని తిడుతుంటి. ఇయ్యాల బతికిచ్చినవ్ కొడుకా!” అని, చెప్పులు కూడా తొడుక్కోకుండా భాగ్యను చంకనేసుకుంది. “నడువుర్రి.”

“గ్యాసునూనె పోసిర్రా తమ్మీ?” రేణుక అడిగింది.

కల్యాణ్ అబద్ధం చెప్పలేకపోయాడు. “పోసినం అక్కా.”

రేణుక మొహం మళ్ళీ మాడిపోయింది. కిరోసిన్ వాసన కొట్టే బొమ్మను ఏ తల్లి పిల్ల చేతికిస్తుంది? అజయ్‌ను భుజాన వేసుకొని నడిచింది. దారి పొడుగునా పెంటమ్మే మాట్లాడింది. పోలీసులను తిట్టింది, గాలిని పొగిడింది, యూరియా సంచులన్నీ ఒకే రంగులో చేసేవాళ్ళను శపించింది. కోడలిని మాత్రం ఒక్క మాట అనలేదు.

ఠాణా ఆవరణలో ప్రహరీ గోడకు దిష్టిబొమ్మ ఆనుకొని ఉంది. ఒక చెయ్యి ఊడింది. కాళ్ళ నుంచి గడ్డి కారుతోంది. పొట్ట మాత్రం పొద్దున ఎంత నిండుగా ఉందో అంతే ఉంది. హెడ్ కానిస్టేబుల్ సోమనర్సయ్య కుర్చీ వేసుకొని దాని ఎదురుగా కూర్చున్నాడు. ఎవరూ దాని దగ్గర బీడీ వెలిగించకుండా కాపలా అట.

కల్యాణ్‌ను చూడగానే లేచాడు. “ఏంరా, మల్లొచ్చినవ్? జామీనిచ్చి ఇడిపిచ్చుకపోతవా దీన్ని?”

“సార్, బొమ్మ మీరే ఉంచుకోండ్రి. కడుపు మాది.”

“ఏందీ?”

“కడుపుల సంచి మాదయ్యా!” పెంటమ్మ ముందుకొచ్చింది. “నా కోడలు ఏడాది సంది కుట్టిన బొమ్మలు. నా తెలివితక్కువ పాడుగాను, నేనే ఇచ్చిన. బట్టల సంచనుకున్న. పాపమంత నాదే, కోడలిది కాదు.”

రేణుక అత్త వైపు తిరిగి చూసింది. పెంటమ్మ ఆమె వైపు చూడలేదు.

సోమనర్సయ్యకు నమ్మకం కుదరలేదు. పోరగాళ్ళు ముసలమ్మను ముందు పెట్టి ఏదో ఎత్తు వేశారనుకున్నాడు. “దీని కడుపుల బొమ్మలున్నయా? బొమ్మల బొమ్మలా? చెవుల పూలు పెడుతున్నవా అవ్వా?”

“ఇప్పి చూడు సారూ.”

చూడక తప్పలేదు. చొక్కా గుండీలు తనే విప్పాడు. కిరోసిన్ వాసన గుప్పుమంది. సంచి బయటికి లాగితే పైన తడి మెరుస్తోంది. రేణుక ముందుకొచ్చి సంచి మూతి పట్టుకుంది. తాడుకు తను వేసిన ముడి తనకే విప్పడం కష్టమైంది. పళ్ళతో లాగబోతే కల్యాణ్ ఆపి తాళంచెవితో సడలించాడు. లోపల ఇంకో ప్లాస్టిక్ కవరు. యూరియా చెమ్మగిల్లకుండా కంపెనీ వాళ్ళు వేసేది. రేణుక దాన్ని తీసి పారెయ్యలేదు. దాని మూతి కూడా మెలిపెట్టి కట్టింది.

అది విప్పి చెయ్యి పెట్టింది. ఒక ఏనుగును తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి వాసన చూసింది. ఆమె మొహం చూడగానే తతిమ్మా అందరికీ అర్థమైంది.

“పొడిగున్నది,” అంది. “అత్తా, పొడిగున్నది.”

పెంటమ్మ అక్కడే నేల మీద కూలబడి, “నా తండ్రీ వీరభద్రా,” అని గోడకే దండం పెట్టింది. భాగ్య చంక దిగి వచ్చి, ఏనుగు చెవి రెండు చేతులా పట్టుకొని గుంజింది. ఊడలేదు. చిలుకను తీసింది, రెక్క గుంజింది. ఊడలేదు. ఒక్కొక్కటే బయటికి వస్తుంటే సోమనర్సయ్య వంగి చూడసాగాడు. చివరికి టోపీ తీసి కుర్చీలో పెట్టాడు.

“మేమిటు, వాళ్ళటు గుంజితిమి గదనే. ఒక్కటన్న పిగలలేదేంది?”

“మా బిడ్డ అంతకన్న గట్టిగనే గుంజుతది సార్,” అంది రేణుక. పొద్దటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

సోమనర్సయ్య ఒక ఏనుగును పట్టుకొని అటూ ఇటూ తిప్పి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, మెల్లగా పిసికి, తిరిగి సంచిలో పెట్టాడు. “బర్రె మంచిగున్నది,” అన్నాడు. “తీస్కపోర్రి. గా సన్నపు మనిషిని మాత్రం ఇయ్య.” పొట్ట పోయిన దిష్టిబొమ్మ గోడ మీద నుంచి జారి, నడుము దగ్గర మడత పడి, ఎవరికో వంగి దండం పెడుతున్నట్టు ఉంది.

తిరుగుదారిలో సంచి పెంటమ్మే నెత్తిన పెట్టుకుంది. ఎవరికీ ఇవ్వనంది. “ఎల్లుండి గూడ నేనే మోస్త,” అంది. కొంచెం దూరం పోయాక, ఎవరూ అడగకుండానే, “ఏనుగు లెక్కనే ఉన్నయి తియ్యి,” అంది. రేణుక అత్త పక్కకు వచ్చి నడిచింది.

అజయ్ నిద్రపోయాడు. భాగ్య కల్యాణ్ వేలు పట్టుకొని నడుస్తూ, “మామా, బొమ్మలను ఎందుకు కాలుస్తరు?” అని అడిగింది. కల్యాణ్‌కు ఉపన్యాసాలు చాలా వచ్చు గానీ ఆ ప్రశ్నకు ఒక్కటీ అందలేదు. “ఇంక చూసి కాలుస్త,” అన్నాడు.

ఇల్లు చేరాక రేణుక మంచినీళ్ళిచ్చింది. వాడు చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే అడిగింది.

“తమ్మీ, ఎల్లుండి మానుకోట రోడ్డు మీద రాస్తారోకో అని మైకుల చెప్పిర్రు. నిజమేనా?”

కల్యాణ్ చెంబు దించాడు. ఆ సంగతే మరిచిపోయాడు. కురవికి పోయే దారి అదే. ఆ రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు వెయ్యాల్సింది కూడా తనే. “నిజమే అక్కా. కానీ నిన్ను ఆపం. నీ ఆటోను నేను దగ్గరుండి దాటిస్త.”

“వద్దు. అందరిని ఆపి నన్నొక్కదాన్ని దాటిస్తే మంచిగుండదు. తెలంగాణ నాకొద్దా?”

“మరెట్ల?”

రేణుక కొంగుతో చెయ్యి తుడుచుకుంది. మూలన దించిన సంచి వైపు చూసింది.

“జాతరకు పోయే జనమంత మీ మొద్దు కాడనే ఆగుతరు గద. పిల్లల తల్లులు, ఎండకు ఏడ్చే పిల్లలు. నువ్వు ఒక్క పని చెయ్యి తమ్మీ. గా మొద్దు పక్కన నాకు, అత్తకు జర చాప పరుసుకునేటంత జాగ ఇయ్యి. మల్ల ఏనుగులన్ని అమ్ముడువోయినంకనే తొవ్వ ఇడువు.”