పేరు లేని కొలతలు

వీధి మొత్తానికి ఆమె కర్టెన్లక్క. పద్దెనిమిదేళ్లుగా ముందుగదిలో మిషన్ వేసుకుని ఎన్ని ఇళ్ల కిటికీలకు కుట్టిందో లెక్కలేదు. ఇళ్లకు వెళ్లి కొలతలు తెచ్చేది మొగుడు, డబ్బు పుచ్చుకునేదీ ఆయనే. సొంత కిటికీలకు మాత్రం పాత దుప్పటి ముక్కలే దిక్కు. అద్దెకొంపకి సోకులెందుకు అనేవాడు ఆ మహానుభావుడు.

విడాకుల దాకా వచ్చాక ఆయన చేతులెత్తేశాడు. స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నానని, ఒక స్కూటరు, రెండు పాత మిషన్లు తప్ప తనకేమీ లేవని కోర్టులో ప్రమాణం చేసి మరీ రాసిచ్చాడు. ఇటు చూస్తే ఇంటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. కూతుర్ని, మిషన్‌ని వెంటేసుకుని ఎక్కడికి పోవాలో ఆమెకు పాలుపోలేదు.

సంసారంలో తన కష్టమూ ఉందని చూపించే కాగితాలేమైనా తెమ్మంది లాయరమ్మ. కాగితాలెక్కడివి పాపం? కొలతల పుస్తకాలు సంచిలో వేసుకెళ్లింది. ప్రతి పేజీలో ఇంటివాళ్ల పేరు, చిరునామా, కిటికీల కొలతలు, మూలన గుండుసూదితో గుచ్చిన గుడ్డముక్క. తిరగేస్తూ లాయరమ్మ ఒకచోట ఆగింది. అక్కడ కొలతలున్నాయి, లేతాకుపచ్చ గుడ్డముక్క ఉంది, పేరు, చిరునామా మాత్రం లేవు.

"ఇదెవరిల్లమ్మా?"

ఎవరిదో ఆమెకీ తెలీదు. ఆ గుడ్డ మాత్రం బాగా గుర్తుంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మొగుడు పక్కన కూర్చుని, "నువ్వైతే ఏ రంగు వేసుకుంటావ్?" అని అడిగాడు. పెళ్లయ్యాక ఆమె ఇష్టమేమిటని అడగడం అదే మొదలు, అదే ఆఖరు. పొంగిపోయింది పిచ్చితల్లి. పేరు తర్వాత చెప్తానంటే సరేనంది. అంచులకు రెండు వరసల కుట్టు కూడా వేసింది.

వాళ్ల పనులన్నిటికీ రాడ్లు బిగించేది ఒక్కడే. అతనికి ఫోన్ చేసి, ఆ లేతాకుపచ్చ కర్టెన్లు ఎక్కడ కట్టావని అడిగింది.

"అదేంటక్కా, మీ కొత్తిల్లే కదా! సర్‌ప్రైజంట, మీకు చెప్పొద్దన్నాడు బావ. ఇంకా మారలేదా?"

దొంగబుద్ధికి పిసినారితనం తోడైతే ఇంతే. కొత్తవాణ్ని పిలిస్తే కూలి ఎక్కువవుతుందని పాతవాణ్నే పిలిచాడు, కుట్టుకూలి మిగుల్చుకోవడానికి పెళ్లాం చేతే కుట్టించాడు. ఇక ఎవరు దాచగలరు?

మర్నాడు పొద్దున్నే అతను చెప్పిన వీధికెళ్లింది. మూడో అంతస్తులో మూడు కిటికీలు, మూడింటికీ లేతాకుపచ్చ కర్టెన్లు. తన కుట్టు తనకు తెలియదా? పక్క వసారాలో ఆరేసిన చొక్కా మొగుడిదే. కింద నిలబడి ఏడ్చింది. ఇల్లు దాచాడని కాదు, ఆ సాయంత్రం తను అంత సంతోషపడినందుకు.

మిగతాది లాయరమ్మ చూసుకుంది. ఆ ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు బయటికి లాగింది. తప్పుడు ప్రమాణానికి ఏం ముంచుకొస్తుందోనని ఆయన హడలి, రాజీకొచ్చి ఆ ఇల్లు ఆమె పేర రాసిచ్చాడు.

తాళం తీసి లోపలికెళ్లగానే కూతురికి ఒళ్లు మండింది. ముందు ఈ కర్టెన్లు పీకి పారేద్దామని కుర్చీ లాగింది.

కర్టెన్లక్క అంచు పట్టుకుని చూసింది. ఒకచోట కుట్టు ఊడింది. సంచిలోంచి సూది, దారం తీసి కిటికీ దగ్గర కూర్చుంది.

"ఉండనీవే. ఈ రంగు నాకిష్టం."