మావయ్యగారి కండువా కొరికిన ఎలక

ఆ రోజుల్లో మా పర్చూరు వైపు పల్లెల్లో ఇంటికొచ్చిన కోడలికంటే ఇంటికొచ్చిన పత్తికే మర్యాద ఎక్కువ. రేటు పెరిగేదాకా అమ్మకుండా ఇంట్లో మంచి గది ఏదుంటే అందులో పోసి తలుపేసేవాళ్ళు. మనుషులు మిగిలిన చోట ఎట్టాగో సర్దుకోవాలి. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, ఈ సంగతి నాకేం తెలుసు? సెల్‌ఫోన్లు ఇంకా ఆ ఊళ్ళ దాకా రాని కాలం. కాపురానికొచ్చి చూద్దును కదా, మాకోసమని సున్నం వేయించిన గదిలో పైకప్పుని తాకేలా పత్తి! మా కొత్త మంచం ఆ గుట్టకింద ఎక్కడో ఉందన్నారు, మంచం కోళ్ళు కూడా కనపడలేదు. నేనూ అత్తయ్యా నడవలో, మావయ్యగారూ మా ఆయనా వసారాలో. పాపం మా ఆయన మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చేవారు. గ్లాసు నోటిదాకా వెళ్ళేలోపే వసారాలోంచి "ఒరేయ్, యాడ చచ్చావురా? బర్రెకి గడ్డెయ్యి!" అని కేక. (ఆ చలికాలంలో ఆయన తాగినన్ని నీళ్ళు ఆ బర్రె కూడా తాగి ఉండదు.)

మా గది మాకిప్పించండి అని ఏ కొత్తకోడలు నోరు తెరిచి అడుగుతుంది చెప్పండి? ఆయనా అంతే, నాన్న ముందు నోరు పెగలదు. నాకు ఉక్రోషం వచ్చి, గది ఖాళీ అయ్యాకే వస్తానని పుట్టింటికి సంచి సర్దేసుకున్నాను. అప్పుడే వెళ్ళిపోతే ఊరు ఊరంతా ఏమనుకుంటుందో తెలుసు, అయినా సర్దాను. ఆ మధ్యాహ్నమే గది తలుపుకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటుంటే లోపల కరకరమని చప్పుడైంది. అమ్మో! నాకు పులంటే అంత భయం లేదు (ఎప్పుడూ చూడలేదు గనక), ఎలకంటే మాత్రం ప్రాణం పోతుంది. ఒక్క గెంతులో పెరట్లో ఉన్న అత్తయ్య పక్కన పడ్డాను.

"అత్తయ్యా, పత్తిలో ఎలకలున్నాయి!"

ఆవిడ నా ఎర్రటి కళ్ళు చూసింది, గుమ్మంలో ఉన్న సంచి చూసింది, గొళ్ళెం పెట్టిన ఆ గది వైపు చూసింది. "ఉన్నయ్యా?" అంది నింపాదిగా. "నువ్వేం కంగారుపడమాక. ఎలకల సంగతి నేను చూస్తాగా. ముందా సంచి లోపల పెట్టు."

మావయ్యగారితో చెబితే ఇంతెత్తున లేచారు. "నా పత్తిలో ఎలకలా? ఎవరన్నా వింటే నవ్విపోతారు!" అంటూనే బోను తెచ్చి ఎండుచేప పెట్టారు. ఏమీ పడలేదు. "చూశావా అమ్మాయ్, ఉంటే పడవూ?" అన్నారు. "బోనులో పడేయి బుద్ధి లేని ఎలకలు. ఇవి అట్టాంటివి కాదు" అంది అత్తయ్య, వాటిని చిన్నప్పట్నించీ ఎరిగినట్టు. మర్నాడు పొద్దున చూస్తే గది గడపలో నల్లటి పెంటికలు! నేను స్టూలెక్కి కూర్చున్నాను. మావయ్యగారు వంగి, రెండు వేళ్ళతో ఒకటి తీసి నలపబోయారు. "ఛీ ఛీ! ఎలక పెంటిక చేత్తో ముట్టుకుంటావా? పో, పోయి సబ్బుతో కడుక్కో" అని అత్తయ్య చేతిమీద ఒక్కటిచ్చింది. కడుక్కోబోతే సబ్బు కూడా మూలన కొరికి ఉంది.

అప్పటికీ ఆ మనిషి కదల్లేదు. తీరా పర్చూరులో పెళ్ళికని గంజిపెట్టి ఇస్త్రీ చేయించిన జరీ కండువా విప్పారు కదా, ఓ కొస లేదు! అక్కడంతా పీచుపీచుగా, తడితడిగా ఉంది. ఇంకేముంది, ఇల్లెగిరిపోయింది.

"మరి చెప్తే విన్నావా?" అంది అత్తయ్య. "మనింట్లో కాపురం పెట్టింది ఎలకలొక్కటేనయ్యా! రేపు బేరగాడొచ్చి పత్తిలో పెంటికలు చూశాడంటే సగం రేటుకి కూడా అడగడు. తరవాత నీ ఇష్టం."

మూడోనాటికల్లా లారీ వచ్చింది. గది ఖాళీ అవుతుంటే నేను స్టూలుమీంచి దిగకుండా ఎలకలకోసం చూస్తూనే ఉన్నాను. ఎండిన పత్తికాయ తొక్కలు బయటపడ్డాయి (కూలీలు తొక్కుతుంటే అచ్చం ఆ రోజు విన్నట్టే కరకరమన్నాయి), మా మంచం బయటపడింది, తట్టలో పెట్టి మర్చిపోయిన కొడవలి బయటపడింది. ఎలక లేదు. కన్నం లేదు. లోపల ఒక్క పెంటికైనా లేదు. అనుమానం వచ్చి వంటింట్లోకి వెళితే, పొయ్యి పక్కన పెనం మీద నల్లగా మాడ్చిన బియ్యం ఇంకో గుప్పెడు మిగిలి ఉన్నాయి. అత్తయ్య చెంప పట్టుకుని కూర్చుని ఉంది.

"అత్తయ్యా, మరి కండువా..."

"గంజి బాగా పెట్టాడమ్మా ఆ చాకలబ్బాయి. ముందుపళ్ళు లాగేసినయ్యి" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని. నేను నోరు తెరవకుండానే నా బాధ కనిపెట్టి, మొగుడి కండువా పళ్ళతో కొరికిన మనిషికి ఏమిచ్చి రుణం తీర్చుకోను? మా అమ్మకైనా అంత ఆలోచన వచ్చేది కాదేమో. పోయేదాకా ఆవిడ ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

పోయినేడు మా అబ్బాయి పెళ్ళయింది. మా ఆయన ఇప్పుడు అచ్చం మావయ్యగారే. కొత్తకోడలు వచ్చిన నెలకే అదే గది నిండా పత్తి పోయించి, రేటు రానీ అన్నారు. అబ్బాయి వంటింట్లోకొచ్చి మంచినీళ్ళు తాగడం రెండుసార్లు చూశాను. మూడోసారి చూడబుద్ధి కాలేదు. కత్తెరైతే తిన్నగా తెగి దొరికిపోతాను, అందుకని మొన్ననే కట్టించుకున్న పన్ను సంగతి కూడా మర్చిపోయి ఆయన పట్టులుంగీ అంచు నోట్లో పెట్టుకున్నాను.

పొద్దున ఆయన లుంగీ మడత విప్పి, ఆ కొరుకుడు వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. కేకలేస్తారని కాచుకుని ఉన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, బేరగాడికి ఫోన్ కలుపుతూ మెల్లిగా అన్నారు:

"ఈ ఎలక నయం. మా అమ్మకి వారం రోజులు చెంప వాచింది."