మొహం చూసి వేసిన అంకె

మా వార్డు హెడ్ నర్సును అందరం పెద్దక్క అనేవాళ్లం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఎవరికీ దొరకని నరం ఆమె సూదికి దొరికేది. ఆ గర్వమూ ఉండేది. కడుపు ఆపరేషన్ అయినవాళ్లను నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో అడిగి కాగితంలో రాయాలని మాకు రూలు. ఆ అంకె చూసే డాక్టరు మందు పెంచుతాడు. పెద్దక్క అడిగేది కాదు. గుమ్మంలోంచే మొహం చూసి అంకె వేసేసేది.

"అడిగితే అందరూ పదే అంటారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ?" అనేది.

నేనూ అదేదో గొప్ప విద్య అనుకుని కళ్లకద్దుకుని నేర్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కిందటి వారం పేగు మెలికపడి పెద్దక్కకే ఆపరేషన్ అయింది. మా వార్డులోనే మంచం. మర్నాడు పొద్దున చూస్తే గోడవైపు తిరిగి కదలకుండా పడుకుని ఉంది. ఏడుపు లేదు, మూలుగు లేదు. మా అక్క గట్టిది అనుకుని గుమ్మంలోంచే రెండు వేశాను. మధ్యాహ్నం ఇంకో రెండు.

సాయంత్రం జ్వరం చూడ్డానికి దగ్గరికి వెళ్తే దుప్పటి అంచు పళ్లతో కరిచిపట్టుకుని ఉంది. ఊపిరి పైపైనే తీస్తోంది. ఛాతీలో కఫం చేరకుండా దగ్గమంటే దగ్గలేకపోయింది.

"నొప్పి ఎంతుందక్కా?" అన్నాను. అడగడం అదే మొదలు.

"ఎనిమిది. పొద్దున్నుంచీ."

"పిలవచ్చు కదా."

"ఏ మొహం పెట్టుకుని పిలవనే? మూలిగినవాళ్లందరివీ నాటకాలన్నాను."

నాకు తలకొట్టేసినట్టయింది. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చాను. పొట్టకు దిండు అదిమిపట్టించి మెల్లగా దగ్గించాను. అరగంటయ్యాక అడిగితే నాలుగంది.

తర్వాత పక్క మంచానికి అడ్డంగా ఉన్న తెర వైపు చూపించింది. అక్కడ ఇస్త్రీ షాపు ఆవిడ. గాల్ బ్లాడర్ తీసి నాలుగు రోజులు.

"ఆవిడకి మొదటి రోజు మూడు వేసింది నేనే. అడగలేదు. నువ్వెళ్లి అడుగు."

మిగతా మూడు రోజులూ ఆ మూడునే చూసి దింపింది నేను. అది పెద్దక్కకు చెప్పే ధైర్యం లేక తెర తీసుకుని వెళ్లాను. పదిలో ఎంతో చెప్పమని ఆవిడను అడిగాను. ఆవిడ నా చేతిలో కాగితం కేసి చూసి, పొట్ట పట్టుకుని, గొంతు తగ్గించింది.

"ఎంతని చెబితే కోప్పడరమ్మా?"